పద్నాలుగో స్లైడు

హన్మకొండ, నక్కలగుట్ట, హోటల్ రెండో అంతస్తు.
ఏసీ ఎక్కువైంది, కొంగు భుజాల నిండా కప్పుకున్నాను.
ఫైలులో ఒక పెన్ను, ఒక ప్యాడు, సీఎంఈ అజెండా:
పదింటికి పిల్లల్లో పోషకాహార లోపం
పదకొండున్నరకు టీ
ముప్పావుకు స్త్రీల ఆరోగ్యం, రక్తహీనత
ఆ తర్వాత భోజనం, రెండు క్రెడిట్ పాయింట్లు.

ములుగు అవతలి నుంచి మొదటి బస్సుకు వచ్చినదాన్ని
తలుపు పక్కనే కూర్చున్నాను,
వార్డు నుంచి ఫోనొస్తే బయటికి పోవడానికి.

హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ మంచివాడే.
తొందర లేకుండా చెబుతున్నాడు.
బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత,
నూట పదిహేను మిల్లీమీటర్లకు దిగితే ఎర్ర రంగు.
ఆ టేపు నా పర్సులో చుట్ట చుట్టుకొని పడుంటుంది.
పొద్దున చిల్లర కోసం వెతికితే
కండక్టర్ చేతికి ముందు అదే వచ్చింది.

పద్నాలుగో స్లైడు పడింది.
కళ్ళ మీద నల్ల పట్టీ.
ఎముకలు ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.
మరాస్మస్. ఆడ. పద్దెనిమిది నెలలు.

ఆ పట్టీ కింది కళ్ళు నాకు తెలుసు.
ఫోటో తీసింది నేనే.
జిల్లా మీటింగుకు పంపింది
ఎన్ని చేతులు మారి ఇక్కడికి చేరిందో.
తీస్తుంటే ఏడవలేదు, ఫోను వెలుగునే చూసింది,
ఈసం నాగులమ్మ.
ఐదు కిలోల ఆరు వందలతో వచ్చి
పదహారు రోజులకు ఆరుంబావుతో పోయింది.
పోయేనాటికి పాలపొడి డబ్బా మూత పట్టుకొని
మంచం కోడు మీద ఒకటే మోత.

ప్రొఫెసర్ లేజర్ చుక్క
కడుపు మీద, వేలాడే తొడల చర్మం మీద, పాదాల మీద తిరిగింది.
ఫోటో అంచున ఒక చెయ్యి ఉంది,
బిడ్డను చంకల కింద పట్టి నిలబెట్టిన చెయ్యి.
చుక్క అటు పోలేదు.

ప్రశ్నలున్నాయా అన్నారు.
హాలంతా అప్పటికే టీ వాసన వైపు తిరిగింది.
నేను లేచాను.
"సార్, ఒక్కసారి వెనక్కి. పద్నాలుగు.
బిడ్డను కాదు, ఆ చేతి గోళ్ళు చూడండి."

తెల్లటి గోళ్ళు, నడుమ గుంటపడి,
నీటిచుక్క వేస్తే జారకుండా నిలిచేటట్టు.

ఆమె సారక్క.
ఇరవై రెండేళ్ళు, మూడు కాన్పులు, హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది.
వార్డులో తల్లికిచ్చే గుడ్డు
రోజూ మంచం కింద పడుకున్న పెద్ద పిల్లగాని నోట్లోకి పోయేది.
మరి నీకో అంటే,
"నాకేంది మేడమ్, మంచిగనే ఉన్న.
తునికాకు మోపు నెత్తిన పెట్టుకుంటె
జర కండ్లు తిరుగుతయి, గంతే."

ఇదంతా చెబుదామనే లేచాను.
గోళ్ళ దగ్గరే మైకు తీసుకున్నారు.
"మంచి పాయింట్ మేడమ్.
అది తర్వాతి సెషన్‌లో వస్తుంది."

తర్వాతి సెషన్.
బిడ్డ చంక కింద తల్లి చెయ్యి,
ఆ రెంటి నడుమ పావుగంట,
ఉస్మానియా బిస్కెట్లు, కాగితపు కప్పులు.

టీ దగ్గర ప్రొఫెసర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.
"ఆమె పేరేమిటి?"
చెప్పాను. టిష్యూ కాగితం మీద రాసుకున్నాడు.
కప్పు తొణికి, సా ఒక్కటే మిగిలింది.
మళ్ళీ అడిగి మళ్ళీ రాసుకున్నాడు.

ముప్పావు సెషన్‌లో ఐరన్ మాత్రల పట్టికలున్నాయి,
రంగురంగుల గ్రాఫులున్నాయి.
బిడ్డలు లేరు.

సాయంత్రం బస్సులో సర్టిఫికెట్ మడత పడకుండా
ఒళ్ళో పెట్టుకున్నాను.
గూడెప్పాడ్ దాటాక చీకటి పడింది.
ఈసారి ఫోటో తీస్తే
రెండడుగులు వెనక్కి జరగాలి అనుకున్నాను,
తల్లి మొఖం కూడా పట్టేట్టు.

అప్పుడు నల్ల పట్టీలు రెండు కావాలి.